అసలైన రైతు ఫోటో

ఆదివారం ఉత్తరాదిలో నేనుండే వైశాలి కాలనీ నుంచి బైకు మీద ఊరి బయటికి పోయి, పొలాల మధ్య సగం కూలిన పాత కట్టడం చూసి ఆగాను. పొద్దు గుంకే వెలుగులో ఫోటోలు తీస్తుంటే, ఇస్త్రీ ధోవతి, కొత్త తలపాగాతో ఒక పెద్దాయన వచ్చాడు.

"ఈ పాత ఫార్మ్‌హౌస్ చాలా బాగుంది, తావూజీ," అన్నాను వచ్చీరాని హిందీలో.

ఆయన పగలబడి నవ్వాడు. "ఇది మా బర్రెల కొట్టం, బేటా. ఫార్మ్‌హౌస్ అదిగో!" అంటూ దూరంగా రంగు దీపాలతో వెలుగుతున్న పెళ్ళిళ్ళ బంగళా చూపించాడు. "అదంతా ఒకప్పుడు మా గోధుమ చేనే."

"మీరూ ఈ గోడ పక్కన నిలబడండి. అసలైన రైతు ఫోటో వస్తుంది."

"ఇక్కడెందుకు? ఫోటోలు దిగేవాళ్ళ కోసం అక్కడ మట్టి గుడిసె కట్టారు. హుక్కా పట్టుకుని దాని ముందు కూర్చోవడమే నా డ్యూటీ. అక్కడికి రా. నేను ఇప్పుడు అక్కడే రైతుని."