కుంకుమ కింద ఎర్ర దీపం

నా చిన్నప్పుడు, అరవయ్యో దశకం మొదట్లో, మా బాపు కల్వకుర్తిలో ఒక పాత కారును కిరాయికి నడిపేవాడు. దాని డ్యాష్‌బోర్డు మీద కందిగింజంత ఎర్ర దీపం ఒకటి ఉండేది. తాళం తిప్పగానే అది వెలగాలి. ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. బండి నడుస్తుండగా మళ్లీ వెలిగిందంటే డైనమో బ్యాటరీకి కరెంటు పంపడం లేదని అర్థం. ఇంతకు మించిన భాష ఆ దీపానికి లేదు.

దసరాకు బండి పూజ బాపు తల్లి, మా అవ్వ చేతి మీదుగా జరిగేది. చక్రాలకు, స్టీరింగుకు, హెడ్‌లైట్లకు, లోపల మెరిసే ప్రతి గుండ్రని వస్తువుకు ఆమె పసుపు రాసి కుంకుమ దిద్దేది. ఆ బొట్టును తుడవడం మా ఇంట్లో అపచారం. దానంతట అది రాలిపోవలసిందే. ఆ ఏడు ఆ చిన్న దీపానికి కూడా దట్టంగా బొట్టు పడింది.

ఆ వారంలోనే పక్కింటి అక్కను నర్సు శిక్షణ ఎంపిక కోసం మహబూబ్‌నగర్ తీసుకుపోవలసి వచ్చింది. ఎంతో బతిమిలాడిన మీదట వాళ్ల నాయన ఒప్పుకున్నాడు, అదీ ఈ ఒక్కసారికే. పేరు పిలిచినప్పుడు అక్కడ లేకపోతే ఆమె ఆశ అంతటితో ముగిసినట్టే. ఆమెకు తోడుగా అవ్వ, అవ్వకు తోడుగా నేను బయలుదేరాము.

జడ్చర్ల ఇంకా రాకముందే రేడియేటరు ఆవిరి కక్కింది. బాపు బండి ఆపి, చల్లారనిచ్చి, నీళ్లు పోశాడు. మళ్లీ తాళం తిప్పితే ఇంజను ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. బానెట్ ఎత్తి చూస్తే డైనమో దగ్గర ఒక తీగ ఊడి వేలాడుతోంది. అది ఎప్పుడు ఊడిందో ఏమో, అప్పటినుంచి బండి బ్యాటరీలో ఉన్నదాన్నే ఖర్చు చేసుకుంటూ వచ్చింది. బాపు తీగ బిగించి, లోపలికి వచ్చి, దీపం మీది బొట్టును బొటనవేలితో తుడిచాడు. తాళం తిప్పే ఉంది కాబట్టి కింద దీపం నీరసంగా వెలుగుతోంది.

అవ్వకు అర్థమైంది. "నేనేనా బిడ్డా దాని కన్ను మూసింది? పిల్ల నౌకరి పాడు చేస్తినా?" అన్నది. బాపు అరుస్తాడని నేను సీటులో ముడుచుకుపోయాను.

"నీదేం లేదమ్మా. నువ్వు దేవుని పేరు మీద పెట్టినవ్. తాళం తిప్పంగనే ఎర్రగ కనవడాలె. కనవడలే. ఎందుకు కనవడలేదని అడగాల్సింది నేను. ఎర్రగ లేదు గదా, మంచిగనే ఉందనుకున్న," అన్నాడు బాపు.

అంతలో గొర్రెల మందతో కొందరు కాపరులు వచ్చారు. బాపు సాయం అడిగాడు. అక్క కూడా దిగి, ఇస్త్రీ చీర కొంగు నడుముకు దోపి, బండికి భుజం ఆనించింది.

"పెండ్లిపిల్ల బండి తోసుడేందే!" అని వాళ్లలో పెద్దాయన నవ్వాడు.

"పెండ్లిపిల్లను కాదు తాతా, నర్సమ్మను! మాటలు బంద్ జేసి జర గట్టిగ తొయ్యి!"

ఇంజను అందుకుంది, దీపం ఆరింది. ఆ తర్వాత రైలుగేటు దగ్గర కూడా బాపు ఇంజను ఆపలేదు. మేము చేరేసరికి అక్క పేరును రెండోసారి పిలుస్తున్నారు. చేతుల దుమ్ము దులపకుండానే ఆమె లోపలికి పరుగెత్తింది. ఎంపికైంది కూడా. మరుసటి దసరాకు అవ్వ కళ్లు చికిలించుకుని, ఎంతో ఓపికగా, దీపం మీద కాక దాని చుట్టూ కుంకుమ దిద్దింది.

ఈమధ్య మా మనవడు అలాంటి పాత కారునే కొని బాగు చేయించాడు. మెకానిక్ ఆ దీపం స్థానంలో ఎల్ఈడీ బిగించాడు. అది ఒక దిశలో పారే కరెంటుకే వెలుగుతుంది. తీగలు తారుమారైతే చార్జింగు ఉన్నా లేకున్నా చీకటిగానే ఉంటుంది. "ఎర్రలైటు వస్తలేదు తాతా, అంతా ఓకే," అన్నాడు వాడు. తాళం తిప్పినప్పుడైనా వెలిగిందా అని అడిగాను. వాడు చూడనే లేదు.

నాకు ఆగ్రహం తెప్పించేది ఈ ధీమాయే. మంచినీటి పనుల ఉద్యోగంలో ఉన్నప్పుడు, ఒక ఊరి గురించి 'ఫిర్యాదులు లేవు' అని రాసిన కాగితం మీద నన్ను సంతకం చేయమన్నారు. ఎవరిని అడిగారో, ఎప్పుడు అడిగారో రాసి తెమ్మన్నాను. అడగడానికి అసలు ఎవరూ ఆ ఊరికి వెళ్లనే లేదని తేలింది. నేనే వెళ్లాను. బోరింగు తుప్పుపట్టి ఉంది. చెప్పి చెప్పి విసిగిన ఆడవాళ్లు చెలమల నుంచి నీళ్లు తోడుకుంటున్నారు. ఆ సంతకం నేను చేయలేదు.

ఏమీ వినబడకపోతే క్షేమమనుకునే సుఖం ఆ రోజు నుంచి నాకు లేదు. ఇంట్లో ఎవరైనా కొన్నాళ్లుగా ఏ బాధా చెప్పకుండా తిరుగుతుంటే, నేనే వెళ్లి పక్కన కూర్చుంటాను. నోరు విప్పి ఏదో ఒకటి చెప్పేదాకా అక్కడినుంచి లేవను.