అగ్గి అంటని చెయ్యి

ఇందుకూరుపేట చుట్టుపక్కల పెళ్లి కుదిరితే ముందు పురోహితుణ్ణి, ఆ వెంటనే మాలకొండమ్మను మాట్లాడుకునేవాళ్లు. ఆమె కూలికి వండే మనిషేం కాదు. నాలుగెకరాల మాగాణి ఉన్న ఇంటికి పెద్దకోడలు. వండి పదిమందికి పెట్టడం ఆమెకు సరదా, తిన్నవాళ్ల మెచ్చుకోలే ఆమెకు జీతం. కుతకుత ఉడికే పులుసు గిన్నెను మసిగుడ్డ లేకుండా ఒట్టి చేతుల్తో పొయ్యి మీదనుంచి దించేది. మాలకొండమ్మ చేతికి అగ్గి అంటదని ఊరంతా చెప్పుకునేది. కొత్త కోడళ్లను తీసుకొచ్చి, వంట ఒంటబడుతుందని, ఆ చెయ్యి తాకించి పోయేవాళ్లు కూడా ఉన్నారు. అదేమి పిచ్చి అని ఇప్పుడు మనం నవ్వొచ్చు గాని, ఆ రోజు అక్కడ ఉంటే మనమూ తాకించేవాళ్లమే.

కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె కూడా అందరిలాగే మసిగుడ్డ వాడేది. పందొమ్మిదివందల అరవై దాటాకే ఈ ఘనత వచ్చింది. ఆ సంగతి గమనించింది తోడికోడలు రాఘవమ్మ ఒక్కతే.

రాఘవమ్మ వేళ్లు పొయ్యి దగ్గర రోజూ చురుక్కుమనేవి. నీ చేతులకు సొగసెక్కువ అని అత్త దెప్పిపొడిచేది. అక్క మీద ఆమెకు కాస్త కుళ్లు ఉండేది, లేదంటే అబద్ధం. కాని ఒకరోజు పొద్దున కుళ్లు పోయి భయం పట్టుకుంది. మాలకొండమ్మ పాలగిన్నె దించి, రాఘవమ్మ కూతురు సామ్రాజ్యానికి జడ ఎట్లా వెయ్యాలో చెబుతూ ఉంది. చర్మం కమిలిన వాసన వచ్చింది. రాఘవమ్మ ఆమె అరచెయ్యి తిప్పి చూపిస్తే, మాలకొండమ్మ ఆ బొబ్బను వింతగా చూసి, ఇదెప్పుడు కాలిందే అని అడిగింది.

రాఘవమ్మకు ఆ మాట కొత్త కాదు. చిల్లకూరు దగ్గర తన పుట్టింట్లో మేనమామకు ఇట్లాగే మొదలైంది. కాలి మీద నిప్పుకణిక పడినా తెలియకుండా నిద్రపోయినాడు. అది పెద్దరోగమని, అంటే కుష్ఠని, తేలాక ఊరి బయట పాక వేసి అందులో పెట్టినారు. ఆయన కూతురికి కుదిరిన సంబంధం వారం తిరక్కుండా తప్పిపోయింది. ఇక్కడ ఇప్పుడు తన కూతురు సామ్రాజ్యానికి బోగోలు సంబంధం వచ్చి ఉంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. రాఘవమ్మ నోరు కుట్టేసుకుంది.

ఆ ఎండాకాలమే హెబ్రోను సైకిలు మీద వచ్చినాడు. పెద్దరోగం ఎవరికుందో ఇంటింటికీ తిరిగి చూసే ప్రభుత్వ ఉద్యోగి. కళ్లు మూసుకోమని చెప్పి, కోడి ఈకతో చర్మం మీద తాకి, ఎక్కడ తగిలిందో చూపించమనేవాడు. అతను పక్క వీధిలో ఉండగానే రాఘవమ్మ అక్కను పొలం దగ్గర మనుషులకు సంగటి ఇచ్చి రమ్మని పంపించేసింది. అతను గడప దగ్గరికి వచ్చి ఇంట్లో ఎంతమంది అని అడిగితే, వరస తప్పకుండా చెప్పింది.

"మా అక్క పెంచలకోన తిరునాళ్లకి పోయుండాది సార్. వారం దాకా రాదు."

అతను పుస్తకంలో రాసుకొని పోయినాడు. అంత సులువుగా జరిగిపోయింది.

మాలకొండమ్మకు పిల్లల్లేరు. సామ్రాజ్యానికి తొలి ముద్ద పెట్టింది మొదలు తల దువ్వేదాకా అన్నీ ఆమే. ఆ పిల్ల పెళ్లికి వంట ఇంకెవరు చేస్తారు? చేసింది. మగపెళ్లివాళ్లు చూస్తుండగా ఒట్టి చేతుల్తో గిన్నెలు దించింది. వాళ్లు ముక్కున వేలేసుకుంటే రాఘవమ్మ ఆపకపోగా, మా అక్క చేతి మహిమ అని తనూ గొప్పలు చెప్పింది. రోగం సంగతి ఎవరికీ తట్టకుండా ఉండేందుకు అదే మంచి దారనుకుంది. ఈ ఒక్క పనికి మాత్రం నేను ఆమెను వెనకేసుకురాలేను. ఆ రాత్రి అక్క అరచేతులకు వెన్న పూస్తూ కూడా ఆమె నోరు విప్పలేదు.

మరుసటి ఏడు హెబ్రోను వచ్చేసరికి మాలకొండమ్మ చిటికెనవేలూ ఉంగరపువేలూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. అన్నం కలపడం కష్టమైంది. కోడళ్లను తాకించినవాళ్లు ఆ ఇంట మంచినీళ్లు కూడా ముట్టడం మానేసినారు. ఈసారి ఆమే పిలవకుండా వసారాలోకి వచ్చి కూర్చొని చెయ్యి చాపింది. అతను ఈకతో తాకినాడు. కళ్లు మూసుకున్న మాలకొండమ్మ, ఇంకా మొదలుపెట్టలేదా నాయనా అని అడిగింది.

హెబ్రోను ఈక పక్కన పెట్టినాడు. రోజూ మాత్ర వేసుకుంటే రోగం ముదరదనీ, ఇంట్లోవాళ్లకు భయం లేదనీ, ఎక్కడికీ పంపనక్కర్లేదనీ నెమ్మదిగా చెప్పినాడు. తర్వాత పాత పుస్తకం తిరగేసినాడు.

"పోయినేడే చూసుంటే ఈ వేళ్లు దక్కేవమ్మా. నేను వచ్చినాను. మీరు పెంచలకోనకి పోయినారని రాసుండాది."

మాలకొండమ్మ ఆ ఏడు ఊరు దాటిందే లేదు. తలెత్తి, స్తంభం పక్కన నిలబడిన రాఘవమ్మను చూసింది. రాఘవమ్మ తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది.

"అవును నాయనా, పోయినాను," అంది మాలకొండమ్మ. మాత్రల పొట్లం కోసం ఎడమచెయ్యి చాపింది.

సైకిలు మలుపు తిరిగాక రాఘవమ్మ వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. సామ్రాజ్యం కోసమే అక్కా అనబోయింది. సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మాలకొండమ్మ కోప్పడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ తర్వాత బతికినన్నాళ్లూ రాఘవమ్మ అనుకున్నది.

"బిడ్డ పెళ్లికి అడ్డమని చెప్పుంటే నేనే పోయి దాక్కోనుందును గదే," అంది మాలకొండమ్మ. "నన్నొక మాట అడగలేదే, రాఘవా."