తెలుగులో రాసిన రెండో చీటీ

దయ్యాలు, ఆత్మలు అంటే నేను ఎప్పుడూ నమ్మలేదు. గల్ఫ్‌లో, అబుదాబీకి దూరంగా ఉన్న రువైస్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. చేతిలో కాగితం పెట్టనిదే ఒక్క బోల్టు కూడా బయటికి ఇవ్వనని నాకు చెడ్డపేరు. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఒక కాగితం గురించే. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది గుంటూరు దగ్గర ఊరు. తాతల నాటి నుంచి కతోలికులం. చర్చిని మేం గుడి అంటాం, అందులో జరిగే మాస్‌ని పూజ అంటాం. మా అన్న గోడల మీద ప్రకటనలు రాసే పెయింటరు. 2009లో పెయింటింగ్ పని మీద దుబాయ్ వచ్చాడు. మావాళ్లకు అబుదాబీ, షార్జా అన్నీ దుబాయే. మరుసటి ఏడు అల్ ఐన్ నుంచి ఒకసారి ఇంటికి ఫోన్ చేశాడు. అదే ఆఖరు. వాడి కంపెనీ మూతపడింది. వీసా ఇచ్చిన కఫీల్‌ని అడిగితే, మనిషి చెప్పకుండా వెళ్లిపోయాడు, ఖలాస్ అన్నాడు.

2011లో నేను ఇక్కడికి వచ్చింది సగం జీతం కోసం, సగం వాడి కోసం. క్యాంపులు, ఆస్పత్రులు, ఎంబసీ, జైళ్లు అన్నీ తిరిగాను. ఉన్నాడన్నవాళ్లూ లేరు, పోయాడన్నవాళ్లూ లేరు.

2016 మొదట్లో, ఇంకా చలి ఉండగా, మా రువైస్ గుడి వాళ్లు యాత్రకు బస్సు మాట్లాడారు. మూడు రోజుల్లో ఈ దేశంలో ఉన్న మా గుళ్లు చూసి రావాలి. నడుమ రోజు అబుదాబీలో విశ్రాంతి. ఆ సాయంత్రం అక్కడి పెద్ద గుడి, కెథడ్రల్‌లో పూజ.

బస్సెక్కే ముందు వదిన ఫోన్ చేసింది.

“చిన్నబ్బాయ్, ఆరేళ్లయింది. మీ అన్న పేరు మీద అక్కడ పూజ పెట్టించు. ఏ గడిలో రాస్తావో నువ్వే తేల్చు. దాన్నిబట్టి నేనూ నా బతుకు చూసుకుంటా.”

మాలో పూజ పెట్టించాలంటే గుడి ఆఫీసులో ఒక చీటీ ఉంటుంది. అందులో రెండు గడులు. ఒకటి బతికున్నవారికి, ఒకటి పోయినవారికి. పేరు రాసి డబ్బాలో వేస్తే పూజలో ఫాదర్ చదువుతారు. అన్నేళ్లూ నేను చీటీ తీసుకోవడం, ఏ గడిలో రాయాలో తెలియక మడిచి జేబులో పెట్టుకోవడం. ఇంటి దగ్గర వదినదీ అదే పని.

విశ్రాంతి రోజున బస్సులోవాళ్లంతా చుట్టాల ఇళ్లకు, స్నేహితుల ఇళ్లకు వెళ్లిపోయారు. మలయాళీలు, గోవావాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు. తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఊళ్లో నాకు తెలిసిన గడప ఒక్కటీ లేదు.

ఈ కెథడ్రల్ మొదట్లో సముద్రం ఒడ్డున ఉండేదని, తర్వాత ఇక్కడికి మార్చారని బస్సులో ఒక పెద్దాయన చెప్పాడు. పనేమీ లేదు కదా, ఆ పాత గుడి ఉన్న చోటు చూసొద్దామని బయల్దేరాను. పాత కోట చుట్టూ మరమ్మతుల కోసం రేకులు అడ్డం కట్టేశారు. దాన్ని దాటి సముద్రం ఒడ్డు రోడ్డు, కార్నిష్ దాకా నడిచాను. అన్నీ అద్దాల మేడలే. మొక్కలకు నీళ్లు పెడుతున్న ఒక పఠాన్‌ని అడిగాను.

“ఇక్కడ చర్చా? నేనొచ్చి ఇరవై ఏళ్లయింది భాయ్. నేనైతే చూళ్లేదు” అన్నాడు.

సముద్రానికి ఎదురుగా బెంచీ మీద కూర్చుని, తెచ్చుకున్న రొట్టె, అరటిపండు తిన్నాను. చుట్టూ పిల్లాజెల్లాతో వచ్చిన సంసారాలు. నాకు ఏడుపొచ్చింది. అంత పెద్ద గుడే ఆనవాలు లేకుండా పోయిందంటే ఒక పెయింటర్ ఎంత అనిపించింది. అక్కడే తేల్చుకున్నాను.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కెథడ్రల్ ఆఫీసులో అక్కడ పనిచేసే ఒక గోవా పెద్దాయన మాత్రమే బల్ల ముందు ఉన్నాడు. నిలబడే చీటీ తీసుకుని, పోయినవారి గడిలో మా అన్న పేరు రాశాను. డబ్బాలో వెయ్యడానికి చెయ్యి రాక ఆయన చేతికే ఇచ్చాను.

ఆయన చూసి హిందీలో, “బేటా, ఇది చదివేదెవరు? ఇంగ్లీషులో రాయి” అన్నాడు. ఇంటి దగ్గరి అలవాటు కొద్దీ తెలుగులో రాసేశాను.

ఆయనే మళ్లీ, “పొద్దున ఇంకోటి ఇలాంటి అక్షరాలతోనే వచ్చింది. కాస్త చదివి పెట్టు” అని కట్టలోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు.

బతికున్నవారి గడిలో ఇలా ఉంది: “మా తమ్ముడు గోళీ. ఆరేళ్లుగా కబురు లేదు. ఎక్కడున్నా క్షేమంగా ఉండాలి.”

ఆరేళ్ల వయసులో నేను గోళీ మింగాను. అమ్మ కొడుతుందని అన్న ఎవరికీ చెప్పలేదు. అది బయటపడేదాకా మూడు రోజులు నా వెంట చెంబు పట్టుకుని పొలం గట్టుకు వచ్చాడు. అప్పటి నుంచి, పక్కన ఎవరూ లేనప్పుడు మాత్రం, నన్ను గోళీ అనేవాడు. ఆ పేరు అమ్మకు తెలియదు, వదినకు తెలియదు. నేనూ ఎవరికీ చెప్పుకోలేదు, అదేమన్నా గొప్ప సంగతా.

ఆ రాత కూడా గోడ మీద రాసే రాతే. తలకట్లు కొట్టొచ్చినట్టు నిలబెట్టి, గీత గీసినట్టు తిన్నగా.

ఎవరిచ్చారని అడిగాను. ఎవరూ తన చేతికి ఇవ్వలేదని, డబ్బాలో ఉందని ఆయన అన్నాడు. రాత్రి డబ్బా ఖాళీ చేసి తాళం వేసిందీ తనే, పొద్దున్నుంచి దాని ఎదురుగా కూర్చున్నదీ తనే. వచ్చినవాళ్లందరూ ముఖం ఎరిగినవాళ్లేనట. నా ఫోన్‌లో ఉన్న అన్న ఫోటో చూపించాను. చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

నా చీటీ చింపేసి ఇంకోటి రాశాను. ఈసారి ఇంగ్లీషులో, బతికున్నవారి గడిలో. ఆ తెలుగు చీటీలో ఉన్న పేరు కూడా ఆయనకు ఇంగ్లీషులో రాసిచ్చాను. సాయంత్రం దాకా గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ముఖం చూశాను. పూజలో ఫాదర్ అన్న పేరు చదివారు. కాసేపటికి గోళీ అనీ చదివారు. అయిదేళ్లుగా ఊరు కాని ఊళ్లో ఉన్నాను. నా కోసం ఒకరు పూజ పెట్టించడం అదే మొదటిసారి. మోకాళ్ల మీద ఉండగానే ఏడ్చేశాను.

మర్నాడు వదినకు అంతా చెప్పాను. దాచడానికి మనసొప్పలేదు. ఆమె చివరిదాకా విని, “అందులో నా పేరుందా?” అంది.

లేదన్నాను.

“సరేలే చిన్నబ్బాయ్” అంది. ఆ నవంబరులో సమాధుల పండక్కి ఊళ్లో గుడిలో అన్న పేరు పోయినవారి గడిలో రాసిచ్చింది. ఆమెను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు.

ఇలాంటి కథల్లో చీటీ మాయమైపోతుంది. నాది మాయం కాలేదు. ఆ పెద్దాయన్ని బతిమాలి తెచ్చుకున్నాను. ఇంటి నుంచి అన్న పాత ఉత్తరం తెప్పించి, ఒక్కో అక్షరం పక్కపక్కన పెట్టి చూశాను. మా స్టోరు భాషలో చెప్పాలంటే, సరుకు సరిపోయింది, వచ్చిన దారి మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇది జరిగి ఇప్పటికి మూడేళ్లు.

అబుదాబీ వెళ్లినప్పుడల్లా ఆ డబ్బాలో ఒక చీటీ వేస్తాను. బతికున్నవారి గడిలో, తెలుగులోనే. “అన్నా, గోళీ రువైస్‌లో ఉన్నాడు. బాగానే ఉన్నాడు.”