సాల్ అంకుల్ పెట్టిన చిన్న డ్యాష్

నిన్న సాయంత్రం సాల్ అంకుల్‌కి ఫోన్ చేశాను. మీరు చనిపోయారంటూ ఎవరో ఫ్రాడ్ మెయిల్ పంపుతున్నారు, జాగ్రత్త అని చెప్పడానికి.

ఫోన్ వాళ్ళమ్మాయి మిరియమ్ ఎత్తింది.

ఆ మెయిల్ తనే పంపిందట.

పొద్దున పోయారు, మధ్యాహ్నం మూడింటికి ఖననం, రాలేనివాళ్ళకి ఈ వీడియో లింక్ అని ఉంది అందులో. అమెరికాలో ఫ్యూనరల్ అంటే వారం పడుతుంది కదా, ఎవడో గాలం వేస్తున్నాడనుకున్నాను. లింక్ నొక్కలేదు.

యూదులు ఆలస్యం చెయ్యరట. రెండేళ్ళలో ఆయన్ని వంద ప్రశ్నలు అడిగాను. ఇదొక్కటి అడగలేదు.

తెలియనివాళ్ళ కోసం: అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో నేను MS చేస్తున్నప్పుడు సాల్ అంకుల్ మా కింది ఫ్లాట్. రిటైర్డ్ కార్ ఇంజినీర్. శనివారం తప్ప రోజూ పొద్దున వీడియో కాల్‌లో ఏడుగురు పెద్దవాళ్ళతో తాల్ముద్ చదివేవారు. అంటే యూదుల పాత ధర్మచర్చలు, రోజుకో పేజీ. అందులో ఒకావిడ అలాస్కా నుంచి. వాళ్ళ ఊళ్ళో ఇంకో యూదు ఇల్లే లేదు.

స్క్రీన్ షేర్ చెయ్యడానికి నన్ను పిలిచారు. మూడు నెలల క్రితం జెర్సీ సిటీకి మారాక కూడా ఇక్కణ్ణుంచే చేశాను.

నేను హేతువాద కరపత్రాలు చదివి తయారైనవాణ్ణి. మతం, అదీ ఆన్‌లైన్‌లో, అదీ ఫ్రీగా అంటే ఒళ్ళు మండింది. నన్ను మార్చడానికా ఇదంతా అని మొదటి రోజే అడిగేశాను.

"మారతానని నువ్వే వచ్చినా మూడుసార్లు వెనక్కి పంపుతాం. ముందు ఆ ఆడియో సంగతి చూడు" అన్నారు.

అయినా నమ్మలేదు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా ఫోన్, లాప్‌టాప్ అన్నీ ఆఫ్. వాళ్ళ విశ్రాంతి రోజట. ఏం దాస్తున్నట్టు?

పైగా స్లైడ్స్‌లో God అని ఉండాల్సిన ప్రతిచోటా మధ్య అక్షరం తీసేసి డ్యాష్. ఏదో కోడ్ అని వారం రోజులు ఆరా తీశాను. ఏమీ దొరక్క, ముసలాయన టైపింగ్ తప్పులే అని తేల్చుకుని, అన్నీ సరిచేసి, నలభై పేజీలు ప్రింట్ తీసి ఇచ్చాను.

ఆయన ఒక్కో పేజీ తిప్పి చూశారు.

ఆ పేరు పూర్తిగా రాసిన కాగితాన్ని చెత్తలో వెయ్యకూడదట. మనిషిని పెట్టినట్టు మట్టిలో పెట్టాలట. అందుకే డ్యాష్.

కోప్పడలేదు. అట్టపెట్టెలో సర్ది, పైన నా పేరు రాశారు.

లేని దేవుడి పేరుకి సమాధి ఏంటని గొడవకి దిగాను.

"రేపు మైక్ ఆన్ చేసి ఇదే అడుగు. నేనేం చెప్పినా వీళ్ళంతా తలలూపుతారు. నువ్వు ఊపకు" అన్నారు.

అడిగాను. ఆ రోజు పేజీ కదల్లేదు. అలాస్కా ఆవిడ గంటసేపు నాతో పోట్లాడి, రేపు కూడా రమ్మంది.

నా అనుమానానికి ఒక కుర్చీ వేసిన మనిషి ఆయనొక్కరే. నిన్న ఆ అనుమానమే నన్ను ఆయన చివరి కాల్‌లోకి రానివ్వలేదు.

అలాంటి కాగితాలు బాగా చదువుకున్నవాళ్ళ సమాధిలో పెట్టే అలవాటు ఉందట. పెట్టె మీద పేరు చూసి, ఇతను కాల్‌లో ఉన్నాడా అని ఒకరిద్దరు అడిగారట. మిరియమ్ చెప్పింది.

నేను పాడుచేసిన నలభై పేజీలు ఆయన పక్కనే ఉన్నాయి.

నేను లింక్ కూడా నొక్కలేదు.

అంకుల్, నేనింకా తల ఊపలేదు. మీరు మాత్రం ప్రశాంతంగా పడుకోండి.