బోల్టులో రెండు చుక్కల నూనె

అనన్య వేటకు వెళ్తోందని తెలిసినప్పుడు అమెరికాలోని ఆష్‌బర్న్ తెలుగువాళ్లు ఆమె తండ్రి హరనాథ్‌ని పరామర్శించినంత పని చేశారు. అందరికన్నా గట్టిగా అహింస గురించి మాట్లాడినాయన ప్లేటులో మేకమాంసం ఉంది, అది వేరే సంగతి. హరనాథ్‌కి అలాంటి పట్టింపులేమీ లేవు. కూతురి రైఫిల్‌కి గురి కుదరడం లేదని విన్నాక, రిటైరైన ఆ మెకానికల్ ఇంజినీరు చేతులు ఊరుకోలేదు.

సెప్టెంబరంతా గరాజ్‌లో దాంతోనే గడిపాడు. బ్యారెల్‌కీ దాని కింది చెక్కకీ మధ్య డాలర్ నోటు దూర్చి లాగితే ఒకచోట పట్టేసింది. నోటు సాఫీగా జారేదాకా అక్కడ చెక్కని గరుకు కాగితంతో రుద్దాడు. మరలన్నీ కొలిచి బిగించాడు. రేంజ్‌కి తీసుకెళ్లి మూడు గుండ్లు పేల్చడం, బ్యారెల్ చల్లారేదాకా కూర్చోవడం, మళ్లీ మూడు. ఒకసారికి ఒక్క మార్పే. చివరికి వంద గజాల దూరంలో మూడు చిల్లులూ ఒక్క రూపాయి బిళ్ల కింద దాగాయి.

అల్లుడు అవినాష్ ఆ రైఫిల్‌కి సరిపడేలా తూటాలు ఇంట్లో తనే నింపుతాడు. "మామయ్యగారూ, ఒక్క మాట. బోల్ట్ లోపల మాత్రం ఆయిల్ వేయకండి. కొండల్లో చలికి గడ్డకడితే, లోపల స్ప్రింగుతో దూసుకొచ్చి తూటా వెనక కొట్టే పిన్ సరిగ్గా కొట్టదు."

"నాకు చెప్తున్నావా? ముప్పై ఏళ్లు మెషీన్లతో కాపురం చేశానయ్యా."

విశాఖ సముద్రపు గాలిలో పని నేర్చుకున్నవాడు. అక్కడ నూనె పెట్టని ఇనుము వారం తిరిగేసరికి తుప్పు పట్టేది. పొడిగా ఉన్న బోల్టుని చూస్తే అతనికి ప్రాణం ఒప్పలేదు. అల్లుడు వెళ్లాక బోల్టు లోపలి స్ప్రింగు చుట్టూ రెండు చుక్కలు వేశాడు.

నవంబరులో వెస్ట్ వర్జీనియా కొండల్లో అనన్య ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, అంతే. మూడేళ్లుగా ఎదురుచూసిన మగ జింక తలెత్తి చూసి, తన దారిన తాను పోయింది.

"నీ హోమ్‌మేడ్ బుల్లెట్సే, అవినాష్. ఐ టోల్డ్ యూ," అంది ఇంటికొచ్చాక.

అవినాష్ పేలని తూటాని వెలుతురులో తిప్పి చూశాడు. "వెనక పిన్ దెబ్బ లోతుగా పడలేదు. మామయ్యగారూ, బోల్ట్ డ్రైగానే ఉంచారు కదా?"

"ఉంచాను," అన్నాడు హరనాథ్.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అతనికే తెలియదు. అవినాష్ మళ్లీ అడగలేదు. మామగారిని రెండోసారి నిలదీయడం మర్యాద కాదట. మన మర్యాదలు ఎప్పుడూ తప్పు చేసినవాడికే కొమ్ముకాస్తాయి. మరుసటి వారం హరనాథ్ శుభ్రం చేసే నెపంతో బోల్టు విప్పి, నూనె చుక్క మిగలకుండా తుడిచేశాడు. అప్పటికే అవినాష్ తూటాలు నింపే సరంజామా అంతా అట్టపెట్టెలో సర్దేశాడు.

మరుసటి ఏడు అనన్య షాపులో కొన్న తూటాలతో వెళ్లింది. ఒక్క దెబ్బకే జింక పడింది. ఆదివారం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

"చూశావా? రైఫిల్ పర్ఫెక్ట్. నాన్న చేసింది కదా. ప్రాబ్లం అంతా నీ బుల్లెట్స్‌దే."

"సరే మేడమ్, తప్పు నాదే," అంటూ అవినాష్ మామగారి ప్లేటులో ఇంకో రెండు ముక్కలు వేశాడు.

ఏడాదిగా గొంతులో ఉన్న మాట చెప్పేద్దామని హరనాథ్ నోరు తెరిచాడు.

"కూరలో ఉప్పు కొంచెం తగ్గిందమ్మా," అన్నాడు.