ఉధ్నా ఫ్రీజర్‌లో హెపారిన్ చక్కెర

ఈ ప్రయాణానికి కారణం నా తొందరే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందును ఎంజైముతో ముక్కలు చేస్తే రెండేసి చక్కెరల జంటలు వస్తాయి. వాటిని డైశాకరైడ్లు అంటారు. మందు అసలుదో కల్తీదో తేల్చే నా పరిశోధనకు అవే కొలబద్ద. పోయిన నెల ఫ్రీజర్‌లోంచి తీసీ తీయగానే సీసా మూత తెరిచాను. తేమ పట్టి పొడి కాస్తా పాకమైంది. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగమని పెద్దలు ఊరికే అన్నారా! తయారుచేసేవాళ్ళ దగ్గర ఒక్క సీసాయే మిగిలిందంటే, కొరియర్‌ను నమ్మలేక హైదరాబాదు నుంచి నేనే సూరత్ వెళ్ళాను. ఇదీ పాడైతే ఈ ఏడాది థీసిస్ మాట మరచిపోవాల్సిందే.

శనివారం పదకొండింటికి, సూరత్ శివారులో సచిన్ అనే ఊరి దగ్గరి ల్యాబులో సీసా చేతికొచ్చింది. ఐసుపెట్టెలో పెట్టుకుని, ఉధ్నా స్టేషనుకు మూడువందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. ఫోనులో నా తెలుగు విని డ్రైవరు వెనక్కి తిరిగాడు. పేరు యాదయ్య, సిరిసిల్ల నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళు మరమగ్గాలు నడిపిన మనిషి. వానకు అరగంట దారి గంటన్నర పట్టింది. ఇంతలో రెండింటి రైలు ఆరింటికని మెసేజీ! పెట్టె తెరిస్తే ఐసంతా నీళ్ళే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"పరేషాన్ గాకు బిడ్డా, మా ఇల్లు గీడనే. ఫ్రిజ్‌ల పెడ్దాం పా," అన్నాడు యాదయ్య.

ఒంటిగది ఇల్లు. ఆయన భార్య లక్ష్మమ్మ తలుపు తీసి, "ఏందిది?" అంది. ఏదో అబద్ధం చెబుదామనుకున్నాను. దేవుడి పటం ముందు దీపం చూశాక నోరు రాలేదు.

"పందిపేగుల నుంచి తీసిన మందమ్మా. హెపారిన్ అంటారు. దాని ముక్కలు."

"శ్రావణ శనివారం బిడ్డా. ఇంట్లకు నీసు రానీయం."

పెట్టె మూసుకుని లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు. ఈయన గుండెల స్టంటు ఏసిననాడు రక్తం గడ్డగట్టొద్దని ఇచ్చింది గదే గదా?"

"అదేనమ్మా. అది మంచిదో కాదో చూడ్డానికే ఇవి."

లక్ష్మమ్మ భర్తవైపు చూసింది. పాల ప్యాకెట్లు పక్కకు జరిపి, "ఈయన పానం నిలవెట్టినదానికి మైలేంది? ఇటియ్యి," అని సీసాను తన చేత్తోనే ఫ్రీజర్‌లో పెట్టింది. నాకు పులిహోర వడ్డించింది. అయిదున్నరకు మళ్ళీ ఐసు నింపి ఇచ్చేదాకా ఆ తలుపు ఎవరినీ తెరవనివ్వలేదు.

ఇన్నేళ్ళూ ఈ చక్కెరలను యంత్రం గీసే గీతలుగానే చూశాను. అవి ఎవరి ఒంట్లో పనిచేస్తాయో ఏనాడూ ఆలోచించలేదు. ఆ రోజు ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని పులిహోర తిన్నాడు. నా తెలివికి నాకే సిగ్గేసింది.

ఇలాంటి సీసా తెచ్చుకునేవాళ్ళకు ఒక్క మాట: చల్లగా ఉండగా మూత తీయకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి. సోమవారం నేను ఆగుతుండగానే, ఆ రోజు నా నోటే మొదటి సీసా కథ విన్న లక్ష్మమ్మ ఫోను.

"తెరిచినవా?"

"ఇంకా లేదమ్మా."

"మంచిగైంది. తొందరేంది? నేను గిట్లనే లైన్ల ఉంట."