కృష్ణను ఈదిన అలివేలమ్మ

గద్వాల సాలెవీధిలో కాపురానికి వచ్చిన పద్నాలుగేళ్లూ అలివేలమ్మ రాట్నం ముందే కూర్చుంది. మగడు భీమన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చీరలు నేసేవాడు. అతని చేతికి నూలు అందాలంటే ఈమె కండెలు చుడుతూనే ఉండాలి. మధ్యలో గంజి కాచడం, వంట, అత్త బాలనాగమ్మకు వేన్నీళ్లు. తనదంటూ ఒక పూట ఉంటుందన్న ఊహ కూడా ఆమెకు లేదు.

1940 చలికాలంలో భీమన్నకు మోకాళ్ల కింద తిమ్మిరి మొదలైంది. ఒకనాడు గుంటలోంచి లేవబోయి లేవలేకపోయాడు. అత్తాకోడళ్లు చెరో రెక్క పట్టుకుని పైకి లాగారు. హకీం సాబు వచ్చి పిక్కలు నొక్కి చూసి, మందు ఇవ్వనన్నాడు.

"కాళ్లకు పని లేక గిట్లయింది. రోజూ ఏటిదాకా నడిచి రా."

"పొద్దు పొడిస్తే మగ్గంల కూసోవాలె సాబ్. ఎప్పుడు నడుస్త?"

"పొద్దు పొడవకముందే నడువు."

కృష్ణ ఊరికి కోసున్నర, అంటే మూడు మైళ్ల దూరం. భీమన్నకు కుక్కలంటే భయం, చీకటంటే ఇంకా భయం. అందుకని మరునాడు వేగుచుక్క పొడవగానే అలివేలమ్మ ఒక కర్ర పట్టుకుని తోడు బయల్దేరింది. వీధి చివర గస్తీ జవాను లాంతరు ఎత్తి ఇద్దరినీ ఆపాడు.

"ఈయాళప్పుడు యాడికి?"

"నడవనీకి," అంది అలివేలమ్మ.

"నడిచి యాడికి పోతరు?"

"యాడికీ పోం. నడిచి మళ్ల ఇంటికే వస్తం."

జవాను లాంతరు దించాడు. తప్పుకుని దారిచ్చాడు. ఆ మాట తలుచుకుని భార్యాభర్తలు ఊరు దాటేదాకా నవ్వుకున్నారు. వాళ్లిద్దరూ కలిసి అంతసేపు నవ్వి ఎన్నేళ్లయిందో.

వారం తిరిగేసరికి భీమన్న దారి మధ్యలో కూర్చోవడం మానేశాడు. అలివేలమ్మకేమో నడక చాలలేదు. ముందుకు ఉరికి, వెనక్కి వచ్చి, మళ్లీ ఉరికేది. ఏటి ఒడ్డు చేరాక మోకాలి లోతు నీళ్లలో నిలబడి, అవతలి ఒడ్డు మసకమసకగా తేలడం చూసేది. అటువైపు పెబ్బేరు దారి. ఆమె ఎన్నడూ ఏరు దాటి ఎరుగదు.

ఆ రేవులో జనాన్ని దాటించే పుట్టి ఒకటుండేది. వెదురుబద్దలతో బుట్టలా అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ అది. దాన్ని నడిపే జోగులమ్మ యాభై ఏళ్ల మనిషి, తెల్లవారకముందే వచ్చి పుట్టిలో నీళ్లు తోడిపోసేది. రోజూ ఈమెను చూసి చూసి ఒకనాడు అడిగింది.

"ఈతొస్తదా?"

"రాదక్కా."

"నేర్చుకుంటవా?"

అలివేలమ్మ మగడి వంక చూసింది. అతను రాతి మీద కూర్చుని పిక్కలు రుద్దుకుంటున్నాడు. "నన్నేం చూస్తవ్? నీళ్లల్ల దిగేది నువ్వు," అన్నాడు.

ఎండిన సొరకాయ బుర్రలు రెండు తాడుతో ఆమె వీపుకు కట్టింది జోగులమ్మ. చీర గోచీ పోసి బిగించమంది. మొదటిరోజు అలివేలమ్మ నీళ్లు మింగింది, దగ్గింది, ఏడ్చినంత పని చేసింది. అయినా ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఒళ్లంతా చక్కిలిగింత పెట్టినట్టుంది. పగలు కండెలు చుడుతూ ఉన్నట్టుండి నవ్వేది. అత్త తల పైకెత్తి చూసేది. రాత్రి పడుకునేముందు రేపటికి ఎంత సమయముందో లెక్కవేసుకునేది. ఒక్కోనాడు కోడి కూయకముందే తనకే మెలకువ వచ్చి, మగణ్ణి కుదిపి లేపేది.

"ఇంకా చుక్క పొడవలే," అని మూలిగేవాడు భీమన్న.

"మనం పోయేసరికి పొడుస్తది లే."

వేసవి నాటికి రెండు బుర్రలు ఒకటయ్యాయి. తర్వాత అదీ పోయింది. వరద నెలల్లో జోగులమ్మ నీళ్లలో దిగనివ్వలేదు. ఆ నాలుగు నెలలూ ఒడ్డున ఇసుకలో ఉరకడం, బస్కీలు తీయడం. భీమన్న పక్కన నిలబడి లెక్కపెట్టేవాడు, చివరకు తనూ తీసేవాడు. వరద తగ్గిన రోజు అలివేలమ్మ జోగులమ్మ దగ్గరకెళ్లి, ఏడాదిగా మనసులో దాచుకున్నది అడిగేసింది.

"అక్కా, నేను అటు ఒడ్డుకు పోత. ఈదుకుంట పోత."

జోగులమ్మ ఏటి వంక చూసింది. "నేను పుట్టిల పక్కనే వస్త. చెయ్యి ఇయ్యమన్నప్పుడు ఇయ్యాలె. మాఘమాసం దాకా ఆగు," అంది.

మాఘంలో ఒక శనివారం. తూర్పు ఇంకా ఎర్రబడలేదు. నీళ్ల మీద పొగమంచు. భీమన్న పుట్టిలో కూర్చుని రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. అతనికి ఈత రాదు, పుట్టి ఎక్కడమూ అదే మొదలు. అలివేలమ్మ కొంగు నడుముకు చుట్టి, నీళ్లకు దండం పెట్టి దిగింది.

మొదటి సగం ఎట్లా గడిచిందో ఆమెకే తెలియదు. చేతులు వాటంతటవే సాగుతున్నాయి. ఇన్నేళ్లు కూర్చున్నచోటే రాట్నం తిప్పిన చేతులు నీటిని వెనక్కి తోసి ఆమెను ముందుకు నెడుతుంటే, గట్టిగా పాడాలనిపించింది. నోరు తెరిస్తే నీళ్లు పోతాయని ఊరుకుంది.

నడి ఏట్లో నీటి వడి మారింది. ఎదురుగా ఉన్న తుమ్మచెట్టు పక్కకు జరిగిపోవడం చూసి, తనే కొట్టుకుపోతున్నానని ఆమెకు అర్థమైంది. చేతులు బరువెక్కాయి. పుట్టి గిర్రున తిరిగింది. భీమన్న వంగి చెయ్యి చాచాడు. 

"అలివేలూ, చాలు. చెయ్యి పట్టు."

"పట్ట."

"చెప్పేది విను. సగం వచ్చినవ్, గది చాలదా?"

జోగులమ్మ తెడ్డు ఆపి అరిచింది. "ఎదురు ఈదకు. ఏటవాలుగ పో. అదిగో గుండు, దాన్ని పట్టుకో."

నీళ్ల మధ్య నల్లటి బండరాయి ఒకటి వీపు తేల్చి ఉంది. అలివేలమ్మ కళ్లు మూసుకుని పది బారలు వేసింది, మరో పది వేసింది. వేళ్లకు పాకుడు తగిలింది. జారింది. మళ్లీ పట్టుకుంది. బండకు చెంప ఆనించి ఊపిరి తీసుకుంటూ, పుట్టిలో తెల్లబోయిన మగడి ముఖం చూసి నవ్వింది. అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "నవ్వుతవేంది?" అన్నాడే గాని తనూ నవ్వేశాడు.

అక్కడి నుంచి ఆమె ఆగలేదు. తూర్పు ఎర్రబడింది, నీళ్లూ ఎర్రబడ్డాయి. అవతలి ఒడ్డున పెబ్బేరు సంతకు ఎడ్లను తోలుకుపోతున్న ఇద్దరు రైతులు పశువులకు నీళ్లు తాపుతున్నారు. ఏట్లోంచి తడిసిన చీరతో ఒక ఆడమనిషి నడిచి రావడం చూసి ఎద్దులు బెదిరాయి, రైతులు అంతకంటే ఎక్కువ బెదిరారు. వాళ్లలో పెద్దాయన ధైర్యం తెచ్చుకుని అడిగాడు.

"యాడ నుంచి వస్తున్నవమ్మా?"

"గద్వాల నుంచి."

"పుట్టి ఏది మరి?"

"ఎనక వస్తుంది," అంది అలివేలమ్మ. కాళ్లు ఇక నిలవక ఇసుకలో కూలబడింది. పెద్దాయన తన గొంగడి తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

ఆ రోజు మగ్గం చప్పుడు ఆలస్యంగా వినబడింది. సంగతి అప్పటికే వీధంతా పాకింది. నూలు ఇచ్చి నేయించుకునే వెంకటన్న వచ్చి గడపలో నిలబడ్డాడు. ఆడోళ్లు ఏర్లు ఈదితే సాలెవాడ పరువేం కావాలని భీమన్నను నిలదీశాడు. భీమన్న గుంటలోంచి ఎవరి సాయమూ లేకుండా లేచి, గడపదాకా నడిచాడు.

"చీర ఎప్పటోలే రేపు ఇస్త. నా కాళ్లు చూసినవా అన్నా? గవి నడిచింది ఆమెతోనే."

వెంకటన్న ఆ కాళ్లను చూశాడు, ఆమెను చూశాడు. చీర సంగతి మరోసారి గుర్తుచేసి వెళ్లిపోయాడు. బాలనాగమ్మ మూలన కూర్చుని ఇదంతా వింటోంది. కోడలు భయంభయంగా దగ్గరకు వెళితే, అత్త ఆమె తడి వెంట్రుకలు చేతిలోకి తీసుకుని తుడుస్తూ అడిగింది.

"నడుమ నీళ్లు శాన సల్లగుంటయా?"

"సల్లగుంటయత్తా. ఒడ్డు దగ్గరి తీరు ఉండయి."

"ఎంత లోతుంటదో?"

అత్త అడుగుతూనే ఉంది, కోడలు చెబుతూనే ఉంది. ఆ పూట పొయ్యి కూడా ఆలస్యంగానే రాజుకుంది.

తర్వాతి సోమవారం వేగుచుక్క పొడిచేవేళకు తలుపు తీసిన అలివేలమ్మకు అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు కనిపించారు. పక్కింటి చిన్నమ్మ, ఆమె తోడికోడలు, వీధి చివరి కొత్తకోడలు. ముగ్గురి చేతుల్లోనూ సొరకాయ బుర్రలున్నాయి. ఎప్పుడొచ్చారని అడిగితే, నిద్ర పట్టక ఎప్పుడో వచ్చామన్నారు. అలివేలమ్మ కొంగు బిగించుకుని మెట్లు దిగింది, వెనకే కర్ర పట్టుకుని భీమన్న. ఊరు దాటేదాకా నడిచారు. దాటగానే ఆడవాళ్లు నలుగురూ ఉరకడం మొదలుపెట్టారు.